సారలమ్మ ఇంట్లో బురద లేదు

మా నాచారం గల్లీలో సారలమ్మ గిర్ని తెలియని ఇల్లు లేదు. ముందు గదిలో పిండి గిర్ని. వెనక గదిలో ఆమె, భర్త హన్మయ్య, ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లది ములుగు దిక్కు. మేడారం జాతర ఏడాది పుట్టిందని ఆమెకు ఆ పేరు పెట్టారట. హన్మయ్య ఫ్యాక్టరీ మూతపడ్డాక చేతికొచ్చిన డబ్బంతా గిర్నిలోనే పెట్టారు. ఆయనకు దమ్ము రోగం, పిండి దుమ్ము అసలు పడదు. నడిపేది ఆమే. జొన్నలు పట్టాక గోధుమలు పొయ్యాలంటే ముందు గిర్నంతా దులిపేది.

"జర ఆగు బిడ్డా, నీ చపాతీలల్ల వాళ్ల జొన్నలెందుకు?" అనేది.

2000 ఆగస్టు వానకు చెరువు పొంగింది. గల్లీలో నడుం లోతు నీళ్లు. గిర్ని మునిగింది, మోటారు పాడైంది. హన్మయ్య దాన్ని ఉప్పల్‌లో వైండింగ్ షాపుకు చేర్చాడు. డబ్బులు ముందిస్తేనే ముట్టుకుంటానన్నాడు షాపాయన. మునిగిన ఇళ్లకు సర్కారు సాయం చేస్తుందని అప్పుడే తెలిసింది. అది వస్తేనే మోటారు, మోటారు తిరిగితేనే వాళ్ల పొయ్యి.

తడిసిన పిండి ఊరుకుంటుందా? పులిసి కంపు కొట్టింది. సారలమ్మ బురదంతా ఎత్తిపోసి, గదులు కడిగి, గోడలకు సున్నం కొట్టి, గడపకు పసుపు రాసింది.

"సర్కారోళ్లు ఇంటికొస్తున్నరు. గీ కంపుల నిలబెడ్తమా?" అంది.

వాళ్లు వారానికి గానీ రాలేదు. వచ్చిన సారు గోడలకేసి చూశాడు.

"ఇక్కడికి నీళ్లొచ్చినట్టే లేదు కదమ్మా?"

"నడుం దాకా అచ్చినయ్ సార్! గల్లీల ఎవల్నన్న అడుగుండ్రి. మోటారు ఉప్పల్‌ల ఉన్నది, పోయి సూడుండ్రి."

"మేం చూసేది ఇళ్లు. షాపుల సంగతి మాకు తెలియదు."

అంతే, వెళ్లిపోయాడు. పక్కింటి పోశయ్య బద్ధకంతో బురద తియ్యలేదు, సారు ఆయన పేరు మాత్రం రాసుకున్నాడు! మాకు ఒళ్లు మండింది. గల్లీ కుర్రాళ్లమంతా ఆఫీసుకు పోయి గొడవ చేస్తే, మళ్లీ వచ్చి చూస్తామన్నారు.

వాళ్లు వస్తామన్న రోజు పొద్దున్నే పోశయ్య వచ్చాడు.

"అక్కా, వాళ్లకు బురదనే గావాలె. నా ఇంట్ల మస్తున్నది, రెండు గంపలు తెచ్చి గుమ్మరిస్త."

"థూ! కడిగిన ఇంట్ల బురద పోసుకుంటరా ఎవలన్న?"

"మోటారు గావాల్నా, వద్దా?"

సారలమ్మ లేచింది. తనే గంప అందుకుంది. తన చేతులతోనే పోసుకుంది. పిల్లలు గుడ్లప్పగించి చూస్తున్నారు.

సారు వచ్చాడు. చెప్పు కొనతో బురదను కదిపాడు.

"మొన్న లేనిది ఇవాళ ఎక్కడి నుంచి వచ్చిందమ్మా? ఇంకా తడి కూడా ఆరలేదు. దొంగ క్లెయిమని కేసు పెట్టమంటావా?"

"పెట్టు సార్, నేనే పోసిన!" సారలమ్మ గొంతు గల్లీ చివరిదాకా వినిపించింది. "సాఫ్‌గ ఉంటే నీళ్లే రాలేదంటివి. బురదుంటే దొంగదంటున్నవ్. ఇగ మేమెట్లుండాలె? మునిగి సచ్చి సూపియ్యాల్నా?"

సారు ఆమె గడపకే చెప్పు తుడుచుకుని జీపెక్కాడు. గడపకే! ఇప్పటికీ తలుచుకుంటే నాకు రక్తం ఉడుకుతుంది. కళ్లముందు గల్లీ మొత్తం సాక్ష్యానికి నిలబడితే ఒక్కరినీ అడగలేదు. మనుషుల మాటకంటే బురదకే విలువా?

పోశయ్య తలొంచుకుని చీపురు పట్టుకున్నాడు. "నేను కడుగుత అక్కా."

"నువ్వు జరుగు పోశయ్యా. పోసింది నేను, తీసేది నేనే."

ఒక్క వరదకు రెండుసార్లు కడిగింది ఆ ఇల్లు. సాయం ఆమెకు రానేలేదు. డబ్బులు కట్టలేక వదిలేసిన మోటారు వైండింగ్ షాపాయనే ఉంచేసుకున్నాడు, గిర్ని పాత సామాన్ల కింద పోయింది. సారలమ్మ ఇప్పుడు మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతోంది.

పిండి పట్టించుకోవాలంటే మా గల్లీ అంతా ఉప్పల్ దాకా పోతున్నాం. మా వెనకే లైన్‌లో, డబ్బా పట్టుకుని సారలమ్మ.