తిరుగు దారికి ఓటు లేదు

నోటికి మాట ఇచ్చి, ఆ మాట వినడానికి చెవులూ ఇచ్చిన దేవునికి స్తోత్రం. పెద్దల ప్రార్థనతో పాటు పసిపిల్లల కేకనూ ఇష్టంగా ఆలకించే ప్రభువుకు స్తోత్రం. ఇంత వయసు వచ్చినా ఒక ఆదివారాన్ని నా కళ్ళముందు ఇంకా పచ్చగా నిలిపి ఉంచిన ఆయనకే మహిమ కలుగును గాక.

నా చిన్నప్పుడు మట్టల ఆదివారం అంటే పిల్లల పండుగే. మాది చంద్రగిరికి కొంచెం అవతల చిన్న ఊరు. ప్రభువు గాడిదనెక్కి యెరూషలేముకు వచ్చిన రోజును తలచుకుని, చేతుల్లో ఈత మట్టలు పట్టుకుని, హోసన్నా అని పాడుతూ చర్చి నుంచి ఊరేగింపుగా బయలుదేరేవాళ్ళం. ముందు పిల్లలం, వెనక పెద్దలు, వాళ్ళ వెనక డప్పు. ఏ దారిన వెళ్ళాలో ఎప్పుడూ పెద్దలే చెప్పేవారు. ఆ ఏడు మాత్రం సంఘపెద్ద అయిన మా తాత, శనివారం పాటల అభ్యాసం అయ్యాక మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, "మట్టలు మోసేది మీరు. తోవ గూడా మీరే తేల్చుకోండప్పా" అన్నాడు.

మాకు ఎక్కడలేని సంబరం. అప్పుడే పంచాయతీ ఎన్నికలు ముగిసి ఉన్నాయి. నినాదాలన్నీ మాకు కంఠతా వచ్చు.

మా పెదనాన్న కొడుకు, మా అన్న, పిల్లలందరిలోకీ పొడుగు, గొంతూ పెద్దది. బస్టాండుకే పోదామన్నాడు. అక్కడ జనం ఉంటారు, హోటలాయన మజ్జిగ పోస్తాడు. సగానికి పైగా పిల్లలు మజ్జిగ అనగానే అటు చేరిపోయారు. ఏటి అవతలి పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉండేది, నా ఈడుదే. తమ ఇండ్ల కాడికి రమ్మని నెమ్మదిగా అడిగింది. అక్కడ మన సంఘం వాళ్ళవి నాలుగైదు ఇళ్ళే. ఎండిన ఏట్లో ఇసుక కాలుతుంది, చూసేవాళ్ళూ ఉండరు. మా అన్న గుంపు అరిచిన అరుపుకు ఆ పిల్ల మాట అక్కడే మునిగిపోయింది.

మా తాత ఎవరినీ కసరలేదు. ఓటు వేయమన్నాడు. మా అవ్వ మాకోసం ఉడికించి తెచ్చిన చెనిక్కాయల్లోంచి తలా ఒకటి చేతిలో పెట్టాడు. చర్చి వెనక గదిలో రెండు చెంబులు పెట్టాడు. ఈత ఆకు కట్టినది ఏటి అవతలికి, ఏమీ కట్టనిది బస్టాండుకు. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి వేసి రావాలి, దేనికి వేశారో ఎవరికీ చెప్పకూడదు.

వరుసలో నిలబడ్డ మాకు చేతిలో వెచ్చగా, ఉప్పగా చెనిక్కాయ. తరువాత సంగతి మీరే ఊహించుకోవచ్చు. తాత చెంబులు తెచ్చి చాప మీద బోర్లిస్తే, పిల్లలు బోలెడుమంది, కాయలు మాత్రం గుప్పెడు. పైగా అందులో ఒకటి ఒట్టి తొక్క. అందరికన్నా చిన్నవాడు లేచి, "నేను తొక్క ఏసినా తాతా. పప్పు తినేసినా. నా ఓటు చెల్లుతుందా?" అని అడిగాడు. మా అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. తాత మాత్రం నవ్వు ఆపుకుని అందరి వైపూ చూశాడు.

"ఓటు తినేసినాక తోవ గురించి అరిసే హక్కు యాడుంటుంది రా?"

మేం నోళ్ళు తుడుచుకున్నాం. ఆయన ఈసారి వేయించని చింతగింజలు తెచ్చాడు. వాటిని కొరికితే పళ్ళు రాలతాయని అందరికీ తెలుసు. కానీ గింజలు పంచే ముందు ఒక మెలిక పెట్టాడు.

"ఎవురి మాట వాళ్ళు అరవడం కాకులు గూడా జేస్తాయి. అవతలోళ్ళ మాట మీరు సెప్పండి. ఔను, అదే నా మాట అని వాళ్ళు ఒప్పుకోవల్ల. అప్పుడే ఓటు."

మొదటి వంతు మా అన్నది. ఆ పిల్లకు నడవడం బద్ధకం, ఊరేగింపే వాళ్ళింటికి రావాలంటుంది అన్నాడు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. వాళ్ళ పల్లెను అందరూ గొప్పగా చెప్పుకోవాలంట అన్నాడు. మళ్ళీ తల అడ్డంగానే ఊగింది. అన్నకు చెమటలు పట్టాయి. చివరికి ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుని, "మరి ఏం గావల్ల మే నీకు?" అని అడిగాడు. పొద్దున్నుంచీ ఆ మాట ఆ పిల్లను అడిగినవాళ్ళు లేరు.

అప్పుడు చెప్పింది. వాళ్ళ అవ్వకు కళ్ళంలో జారిపడి తుంటి విరిగింది. అప్పటినుంచీ చాప మీదే. పోయినసారి మట్టల ఆదివారం నాడు, గాలి ఇటు తిరిగినప్పుడల్లా మా పాట సన్నగా వినిపిస్తుంటే, ఇక్కడికి వస్తుండారా అని మనవరాలిని వాకిట్లోకి పంపుతూనే ఉందట. మా అన్న ఆ సంగతంతా మాట పొల్లు పోకుండా మాకు చెప్పాడు. ఈసారి ఆ పిల్ల తల నిలువుగా ఊపింది.

ఇక ఆమె వంతు. మజ్జిగ గురించి చెబుతుందనుకున్నాం. ఆమె కాసేపు మా అన్న ముఖంలోకి చూసి, "అన్నకి మజ్జిగ గాదు. వాళ్ళ క్లాసోళ్ళు బస్టాండు కాడ ఉంటారు. మట్ట పట్టుకోని అందరికన్నా ముందు నడిసేది వాళ్ళు సూడల్ల" అంది. మా అన్న చెవులు ఎర్రబడ్డాయి. నేల చూస్తూ, ఔను, అదే నా మాట అని ఒప్పుకున్నాడు.

ఓట్లు పడ్డాయి. ఒక్క గింజా తగ్గలేదు. ఆకు కట్టిన చెంబు ముందుకన్నా బరువుగానే ఉంది కానీ, బస్టాండే గెలిచింది, కొద్దిలో. నేను తాత వైపు చూశాను, ఏదో ఒకటి చేసి మారుస్తాడని. ఆయన మార్చలేదు. అందరూ కలిసి తేల్చినారు, అట్లే పోదాం అన్నాడు. ఆ పిల్ల ఏడవలేదు. మట్టలు కట్టడానికి మాతోపాటే కూర్చుంది. నాకే ఆ సాయంత్రం అన్నం సయించలేదు.

మరునాడు బస్టాండుకు వెళ్ళాం. మా అన్న ముందు నడిచాడు, వాళ్ళ క్లాసు పిల్లలు చూశారు, ఒకడు ఈల కూడా వేశాడు. మజ్జిగ తాగాం. తిరిగి చర్చి వైపు మళ్ళవలసిన చోట అన్న ఆగాడు. ఆగి, మట్ట పైకెత్తి, ఏటి వైపు తిరిగాడు. వెనకనుంచి పెద్దలెవరో, తోవ అది గాదని అరిచారు. అన్న నేరుగా మా తాతనే అడిగాడు.

"బస్టాండుకి పోదామని గదా తాతా ఓటేసింది. పోయినాం. తిరిగి ఏ తోవన రావల్లో ఓటు ఎయ్యలేదు గదా?"

మా తాత పిల్లలమైన మా అందరి ముఖాలూ చూశాడు. కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు. అప్పుడు ఆయన నవ్విన నవ్వు డప్పు మోతను మించిపోయింది. కాలే ఇసుకలో గెంతుతూ, అరుస్తూ, పాడుతూ ఏరు దాటాం. ఆ అమ్మాయి అందరికన్నా ముందు పరుగెత్తింది. మేం చేరేసరికి ఇంట్లోవాళ్ళు అవ్వ చాపను వాకిట్లోకి లాగి ఉంచారు. ఆ ముసలమ్మ మోచేతి మీద లేచి, మా అన్న అందించిన మట్టను పట్టుకుని, మాకన్నా గట్టిగా హోసన్నా అంది. పళ్ళు లేని నోటితో అంత గట్టి హోసన్నా నేను మళ్ళీ వినలేదు.

ఈమధ్య రేణిగుంటలో యువజన కూడికకు యూరప్ నుంచి కొందరు యువతీయువకులు వచ్చారు. తమ దేశాల్లో తమ ఈడువాళ్ళు చాలామంది ఓటంటే ముఖం తిప్పుకుంటున్నారని, నచ్చని మాట వినే ఓపిక పోతోందని, దాన్ని మళ్ళీ ఎలా నేర్పాలో వెతుకుతున్నామని చెప్పారు. నేను పుస్తకాలు చదివి చెప్పగలిగేది ఏముంది? ఈ కథ చెప్పాను. నవ్వారు. తరువాత మన పిల్లలతో జతలు జతలుగా కూర్చుని, ఒకరి మాట ఒకరు చెప్పే ఆట ఆడారు. దుబాసీ ఎంత సాయం చేసినా, అవతలివాళ్ళ చేత ఔననిపించుకోవడానికి మా అన్న పడ్డ అవస్థే వాళ్ళూ పడ్డారు. చూస్తుంటే ఎంత హాయిగా ఉందో.

బడిలో పాఠాలు చెప్పాను, సంఘంలో ఎన్నో తగవుల మధ్య కూర్చున్నాను. ఎవరినైనా కాదనబోయే ముందు వాళ్ళ మాటను ఒకసారి నా నోటితో చెప్పి చూసుకోవడం ఆనాటినుంచీ నాకు అలవాటు. గెలిచిన రోజున ఓడినవాళ్ళ వాకిలి వైపు చూడటం కూడా.

ఇది చదువుతున్న మీరూ ఒక్క నిమిషం నాతోపాటు తల వంచండి. ప్రభువా, మా పిల్లలకు మాట్లాడే ధైర్యం ఇయ్యి, వినే ఓపిక ఇయ్యి. మేం గెలిచి తిరిగి వచ్చేటప్పుడు, ఎదురుచూస్తున్నవాళ్ళ ఇంటి మీదుగా మమ్మల్ని నడిపించు. ఆమేన్ అని మీరూ అనండి.