అంతా తీరిపాయ

ఆదినారాయణప్ప మిట్టేమరి బడిలో నాతోపాటు పాఠాలు చెప్పేవాడు. 1962లో సర్కారు అతన్ని ఎం.ఎడ్. చదవమని మైసూరు విశ్వవిద్యాలయానికి పంపింది. అందులో అతను ఎంచుకున్నది విద్యా పరిపాలన. బడులు ఎలా నడపాలి, తనిఖీ ఎలా చేయాలి, ఉత్తర్వులు ఎలా రాయాలి, అదీ చదువు. బడి నడపడానికి కూడా ఒక పరీక్షా అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. అతను నవ్వేవాడు కాదు. ప్యాసైతే ఇన్‌స్పెక్టరు ఉద్యోగం. మధ్యలో వదిలేసి వస్తే మళ్లీ పంపరు.

పరీక్షలు పది రోజులున్నాయనగా అతని భార్య లక్ష్మీనరసమ్మకు విషజ్వరం పట్టింది. జ్వరమని కార్డు రాశాను. ఆరో రోజు పొద్దున ఆమె పోయింది. తంతి కొట్టినా అతను వచ్చేదాకా ఉంచలేమని పెద్దలన్నారు. సాయంత్రం మట్టిచేసి వచ్చి ఇంకో కార్డు రాశాను. మైసూరు రాష్ట్రంలోని మా సీమలో మాట తెలుగు, రాసేది కన్నడ అక్షరాల్లో. చచ్చిపోయిందని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. "లక్ష్మీనరసమ్మకు అంతా తీరిపాయ. చూసుకొని బయలుదేరు" అని రాశాను. కన్నడంలో మనిషి తీరిపోవడమంటే చనిపోవడమే. తెలుగులో జ్వరం తగ్గినా తీరిపోవడమే. అది నాకు తట్టలేదు. ఇరవై ఏళ్లు పిల్లలకు వ్యాకరణం చెప్పిన వెధవను!

పరీక్షలన్నీ ముగించుకొని, ఆమె పోయిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం అతను బస్సు దిగాడు. చేతిలో హార్లిక్స్ సీసా ఉంది, జ్వరం నుంచి లేచిన మనిషికి బలానికని. నేనే ఎదురుపోయి చెప్పాను. ఏడుస్తాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. సీసాను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకొని ఇంటివైపు నడిచాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అతను ఇన్‌స్పెక్టరయ్యాడు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. చింతామణి, శిడ్లఘట్ట వైపు బడులన్నీ తిరిగేవాడు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడేవాడు కాదు, మెచ్చుకునేవాడూ కాదు. నాలుగేళ్లకు మా బడి తనిఖీకి వచ్చాడు. పిల్లలు ఇళ్లకు పోయాక ఇద్దరమే మిగిలాం. ఇక ఉండబట్టలేక, ఆ కార్డు రాసి నీకు ద్రోహం చేశానప్పా, నన్ను క్షమించు అన్నాను.

అతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ పరీక్షలో మొదటి ప్రశ్న ఉత్తర్వు ఎలా ఉండాలన్నదట. రెండర్థాలకు తావివ్వకూడదని నాలుగు పుటలు రాశాడట. ఆ పేపరులో అతనికే ఎక్కువ మార్కులట.

"నీ తప్పేమీ లేదు కొండప్పా," అన్నాడు. "కార్డు చూస్తానే తెల్సిపాయ నాకు. రెండు దినాల్లో పరీక్ష ఉండె. తెలుగులో చదువుకొంటి."

కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు.

"ఆ సీసా కొంటే నిజంగానే తగ్గింటాదేమో అనుకొంటి," అన్నాడు.

తరువాత హాజరు పుస్తకం తెమ్మన్నాడు. తెచ్చాను. తేదీ వేసి సంతకం చేశాడు.