మొదటి చిటికెడు

విజయనగరంలో రసాయనశాస్త్రం బోధించినన్నాళ్ళూ విష పదార్థాల పాఠాన్ని నేను ఒకే వాక్యంతో మొదలుపెట్టేవాణ్ణి: విషం కాని పదార్థం లేదు, మోతాదే దాన్ని మందుగానో విషంగానో నిలబెడుతుంది. దాదాపు ఐదు వందల ఏళ్ళ క్రితం ఐరోపాలో ఒక వైద్యుడు చెప్పిన సూత్రమది. పిల్లలు నమ్మకపోతే చారులో వేసే ఉప్పునే ఉదాహరణగా తీసుకుని నల్లబల్ల మీద లెక్క కట్టి చూపేవాణ్ణి. అంకె లేని అభిప్రాయానికి నేను ఎన్నడూ విలువ ఇవ్వలేదు. అయినా 2013 జూన్ నుంచి 2015 ఆగస్టు దాకా, నేను స్వయంగా తూచి చూసిన పొడి ఒకటి నా భార్య ఒంటిని లోపలినుంచి తింటూ వచ్చింది. దాన్ని ఇచ్చినవాడు ఆమె తోడబుట్టిన అన్న.

వాళ్ళ ఊరు వంశధార ఒడ్డున, శ్రీముఖలింగానికి దగ్గర. గుడి సేవతోపాటు మూలికా వైద్యం ఆ ఇంటికి తరాలుగా వస్తోంది. ఆ ఇంట ఒక ఆచారముంది. మందు ఎవరికిచ్చినా సరే, ఇచ్చేవాడు రోగి ఎదుట మొదటి చిటికెడు తన నాలుక మీద వేసుకోవాలి. మా మామగారు అలాగే చేసేవారు. ఆయన పోయాక కొడుకు, అంటే నా భార్య అన్నగారైన మా బావ, దాన్ని తప్పకుండా పాటించాడు.

పూర్వం రాజుల వంటశాలల్లో విషాన్ని ఎలా కనిపెట్టేవారో మా బావ వీధి అరుగు మీద కూర్చుని ఎంతో బాగా చెప్పేవాడు. అన్నం ముద్దను నిప్పులో వేస్తే మంట నెమలి కంఠం రంగుకు తిరుగుతుందట. విషం కలిసిన అన్నాన్ని చూస్తే చకోరపక్షి కళ్ళు రంగు మారతాయట. వీటన్నిటికీ చివర ఒక మనిషి ఉండేవాడు, రాజుకంటే ముందు తిని చూపేవాడు. దూషీవిషం అనే మాట కూడా నేను మా బావ నోటే మొదట విన్నాను. అది వెంటనే చంపదు. ఒంట్లో దాగి, ఏళ్ళ తరబడి ధాతువులను చెరుస్తుంది. మా శాస్త్రంలో దీన్నే దీర్ఘకాలిక విషప్రభావం అంటామని చెబితే, "పేరేదైతేనేటి బావా, పనొకటే" అన్నాడు.

2013 వేసవిలో నా భార్యకు మోకాళ్ళు పట్టేశాయి. మేడ మెట్లు ఎక్కలేకపోయింది. ఎముకల డాక్టరు ఆపరేషను మాట ఎత్తేసరికి భయపడి అన్నగారికి కబురు పెట్టింది. జూన్‌లో ఆయన నెలకు సరిపడా పొట్లాలు కట్టి తెచ్చాడు. ఒకటి విప్పి, చిటికెడు తన నాలుక మీద వేసుకుని, మిగిలింది చెల్లెలి చేతిలో పెట్టాడు. ఆమె కళ్ళకద్దుకుని మింగింది. నేను మాత్రం పొట్లానికి ఎంత ఉందని అడిగాను. ఆయన చెల్లెలి వైపు తిరిగి, "తూకం సూడకుండా మీ ఆయన నీ మెళ్ళో తాళి కూడా కట్టుండడే" అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం.

ఆ మరుసటి నెల తెచ్చిన పొట్లాలను నా పాత త్రాసు మీద వేసి చూశాను. అన్నీ ఒకే తూకం, ఎక్కడా రవ్వంత తేడా లేదు. నాకు తృప్తి కలిగింది. ఆమెకు చిటికెడు, నాకు తూకం. ఎవరికి ఏది చూపితే నమ్ముతారో ఆయనకు బాగా తెలుసు.

పొడి పనిచేసింది. పది రోజులు తిరక్కుండానే ఆమె మేడ మీదికి వెళ్ళి వడియాలు ఎండబెట్టింది. ఆకలి పెరిగింది, మొహం నిండింది. ఒళ్ళు చేసిందని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు. గాజులు తగిలిన చోట కూడా ముంజేతులు నల్లగా కమిలేవి. 2014 మొదట్లో రక్తపరీక్షలో చక్కెర కనిపించింది. వయసు వచ్చింది కదా అనుకున్నాం.

ఆ ఏడు అక్టోబరు పన్నెండు, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. అప్పటికే పొట్లాలు అయిపోయాయి. దారుల నిండా చెట్లు, కరెంటు లేదు, ఫోన్లు లేవు. మూడో రోజుకు ఆమెకు వాంతులు మొదలయ్యాయి. తల ఎత్తలేకపోయింది, మాట సన్నబడింది. చెడునీళ్ళ వల్ల వచ్చిందనుకుని నీళ్ళు కాచి, వడకట్టి పట్టాను. ఆ వారం చివర మా బావ కొంత దూరం లారీలోనూ కొంత నడిచీ వచ్చాడు. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన పొట్లాలు చంకలో ఉన్నాయి. ఆ మధ్యాహ్నం ఆమె కడుపులో పొడి పడింది. మర్నాడు ఉదయం ఆమె లేచి కూర్చుని కాఫీ అడిగింది. నేను ఆయన చేతులు రెండూ పట్టుకున్నాను. ఆయన చెల్లెలినే చూస్తూ, "ఇకమీదట ఒక్క పూటయినా ఆపకమ్మా" అన్నాడు. అది ప్రేమ అనుకున్నాను.

2015 ఆగస్టులో నా భుజం నొప్పికి ఊళ్ళోని ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. బల్ల మీద, పంచె మోకాలి పైకి మడిచి, చేతిలో టోకెన్‌తో మా బావ కూర్చుని ఉన్నాడు.

"ఏటి బావా, నువ్వూ వచ్చీసేవు?" అని పక్కకు జరిగి చోటిచ్చాడు. మోకాలికి సూది వేయించుకోవడానికి వచ్చానన్నాడు.

"మన పొడి ఉండగా నీకు సూదెందుకు?" అన్నాను, వేళాకోళానికే.

ఆయన మోకాలు నిమురుకుంటూ, ఏ తడబాటూ లేకుండా చెప్పాడు: "నాకు సుగరుంది కదా బావా. ఆ పొడి నాకు పడదు. ఏసుకుంటే సుగరు పైకెల్లిపోతాది."

అన్నాక ఆయన చెయ్యి మోకాలి మీదే ఆగిపోయింది. నొప్పిని మాయం చేస్తుంది, మొహాన్ని ఉబ్బిస్తుంది, చక్కెరను పెంచుతుంది, ఆపితే మనిషిని పడేస్తుంది. ఈ నాలుగూ కలిపి చదవడం నాకు అంతకు ముందే చేతనై ఉండవలసింది. ఏం కలిపావని అడిగాను. ఆయన ఒక స్టెరాయిడ్ బిళ్ళ పేరు చెప్పాడు. దాన్ని నూరి శొంఠి పొడిలో కలిపేవాడట.

"అది ఏడస్తంటే సూడలేకపోయేను బావా. రోజుకొకటే. సిన్న బిల్ల."

"దానికి సుగరొచ్చిందని నీకు చెప్పాను కదా."

లోపలినుంచి ఆయన నంబరు పిలిచారు. గోడ పట్టుకుని లేచాడు.

ఇంటికి వచ్చి ఆమెకు చెప్పాను. నమ్మలేదు. "నా ఎదర నోట్లో ఏసుకున్నాడు కదండీ" అంది. రాజుకంటే ముందు తిన్న మనిషి పట్టుకోగలిగింది వెంటనే చంపే విషాన్ని మాత్రమేనని వివరించాను. నెలకొక చిటికెడు ఎవరినీ ఏమీ చెయ్యదు. రోజూ ఒక పొట్లం, రెండేళ్ళ పాటు, అది వేరే సంగతి. ఆమె పూర్తిగా వినలేదు. "ఆ లెక్క నాకెందుకండీ. అన్నియ్యకి తెలుసు కదా" అంది. మిగిలిన పొట్లాలు తీసుకుని పెరటి కాలువ వైపు నడిచింది. తుఫాను వారం గుర్తొచ్చి చెయ్యి పట్టుకుని ఆపాను. సాయంత్రం డాక్టరును కలిసేలోగా ఆపకూడని ఆనాటి మోతాదు ఒకటి ఉంది. దాన్ని నా చేత్తోనే ఇచ్చాను. ఆ రెండేళ్ళలో ఏమి ఇస్తున్నానో తెలిసి ఇచ్చింది అదొక్కటే.

ఆ హార్మోను బయటినుంచి అంతకాలం వచ్చిపడడంతో ఆమె గ్రంథులు దాన్ని తయారుచేసే పని మానేశాయని, ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడు. అదే మందును చీటీ మీద రాసి, నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకు రమ్మన్నాడు. మోకాళ్ళ నొప్పి మొత్తంగా తిరిగి వచ్చింది. చక్కెర వెళ్ళలేదు.

ఆ చలికాలంలో మా బావ ఒక సీసాతో వచ్చాడు. ఒట్టి నువ్వుల నూనె అని, కర్పూరం తప్ప ఇంకేమీ లేదని, మోకాళ్ళకు రాసుకోమని అన్నాడు. మూత తీసి, అలవాటుగా, ఒక చుక్క నాలుక మీద వేసుకోబోయాడు.

"ఒద్దన్నియ్యా" అంది ఆమె. "ఆ సీసా ఇంటికి అట్టుకెల్లి ఆర్నెల్లు నువ్వు రాసుకో. అప్పుడు నాకిద్దువు గాని."

గొంతు పెంచలేదు. ఆయనకు కాఫీ కూడా ఇచ్చింది. ఆయన తాగి, సీసా సంచిలో పెట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ వీధి మెట్లు దిగాడు.

అప్పటికి ఆమె మోతాదు సగం బిళ్ళకు దిగింది. బిళ్ళను బ్లేడుతో కోసి, ఆ సగం ముక్కను, బిళ్ళల అట్టను నీళ్ళగ్లాసుతో పాటు తీసుకువెళ్ళాను. పెళ్ళయిన నాటినుంచి నేనేది చేతిలో పెట్టినా చూడకుండా మింగిన మనిషి. ఇప్పుడు బిళ్ళ పట్టుకుని, ముందు ఆ అట్ట మీద ఏముందో చదవమంది. మందు పేరు, మిల్లీగ్రాములు, గడువు తేదీ చదివాను. మళ్ళీ చదవమంది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాను.