పళ్ళు చూసే మా అన్న, గార పట్టిన కుక్క

మా అన్న మనుషుల మొహాలు చూడడు, పళ్ళు చూస్తాడు. బోధన్ దిక్కు ఎవరు ఎడ్లు కొన్నా ముందు ఆయన్నే అంగడికి పిలుచుకుపోతారు. ఆయన ఎద్దు మూతి పట్టుకుని, కింది పెదవి లాగి, వయసు లెక్కగట్టి, "రెండు పళ్ళది", "నాలుగు పళ్ళది", "అరిగినయి, ఇడిసిపెట్టు" అంటాడు. ఇక ఆ మాటకు తిరుగులేదు. ఊళ్ళోకి ట్రాక్టర్లు ఎన్ని వచ్చినా ఈయన గారి పళ్ళు చూసే రోగం మాత్రం పోలేదు. నాకు సంబంధం చూడటానికి పోయొచ్చినప్పుడు, పిలగాడు ఎట్లున్నాడని అమ్మ అడిగితే, "పళ్ళు మంచిగున్నయి" అన్నాడు. ఆ ఒక్క ముక్క మీద నా పెళ్ళి అయిపోయింది. ఇప్పుడు మా ఆయనకు ముందు పళ్ళు రెండు లేవు. కావాలంటే నిజామాబాద్ వచ్చి చూసుకోమనండి.

నాకు మా అన్నంటే కోపం. చిన్నప్పటి నుంచీ ఉంది, దాచుకునేదేమీ లేదు. కానీ అది కడుపులో రాయిలా కూర్చున్నది మాత్రం ఆ కుక్క వల్లనే.

ఆ ఏడు చర్చిలో పంటల పండుగకని ఊరికి పోయాను. ప్రార్థన అయ్యాక అన్న ఇంట్లో అన్నం తిని చేను దిక్కు నడిచాం. చెరుకు గట్టున ఒక ఎర్ర కుక్క పడుకుని ఉంది. మా అన్న చేను కాపలా కుక్క అది. పక్కనే బెల్లం వండే బట్టీ ఉంటే, పెనం గీకి పారేసిన బెల్లం ముక్కలూ, నానిన రొట్టెలూ తిని పెరిగింది. మేం పోగానే తోక ఊపుతూ లేచింది. మా అన్న కూర్చుని దాని మూతి పట్టుకుని, అచ్చం ఎద్దుకు చేసినట్టే పెదవి లాగాడు. లోపల పళ్ళకు పసుపుపచ్చగా, చిగుళ్ళ దగ్గరైతే గోధుమరంగులో పెంకులాగా గార పట్టి ఉంది. రెండు బారల దూరం నుంచి నాకు కంపు కొట్టింది.

"గిది ముసల్దయిందే చెల్లె," అన్నాడు. "ఇగ కాపలేం కాస్తది? పందులు మీదికొచ్చినా మొరగది."

"మరేం జేస్తవ్?"

"రేపు చెరుకు లారీ పోతది గదా, దాంట్ల ఏసి పంపుత. ఇందల్వాయి దాటినంక హైవే మీద దించుతరు. గాడికెళ్లి మల్ల తిరిగి రాదు."

పాత చెప్పు పారేస్తున్నట్టు చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది.

"నీ తలకాయ నెరిసింది, నిన్ను గూడ హైవే మీద ఇడిసి రమ్మందునా?" అన్నాను.

ఆయనకు కోపం కూడా రాలేదు. నోరు బార్లా తెరిచి వేలితో కొట్టి చూపించాడు. "నా పళ్ళు గట్టిగున్నయే!"

అట్లాంటి మనిషితో ఏం మాట్లాడతాం? ఆ సాయంత్రమే ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని, కుక్కను ఎక్కించుకుని నిజామాబాద్ వచ్చేశాను. దారి పొడుగునా అది నా మొహం మీదే ఊపిరి వదిలింది. నేను చీరకొంగు ముక్కుకు కట్టుకుని మా అన్నను తిట్టుకుంటూ కూర్చున్నాను.

మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో నా కుట్టుమిషను, జాకెట్లకు వచ్చేపోయే ఆడవాళ్ళు. మా ఆయన కుక్కను చూసి గుమ్మంలోనే నిలబడ్డాడు. "కట్నం కింద మీ అన్న గిప్పుడు పంపిండా?" అన్నాడు. మరునాడు జాకెట్ కొలతలకు వచ్చిన ఒకామె, "ఏం వాసనక్కా, ఎలుకేమన్న సచ్చిందా?" అని మిషను కింద వెతికింది. పరువు పోయింది. ఆ కోపంలో మా టూత్‌పేస్టే తీసి కుక్క పళ్ళకు రుద్దాను. అది నురగ కక్కుకుంటూ ఇల్లంతా తిరిగి, మింగినదంతా కుట్టిన జాకెట్ల మూట పక్కన కక్కింది. భయమేసి పశువుల దవాఖానకు పట్టుకుపోయాను.

డాక్టరు నన్ను బాగానే తిట్టాడు. "మనుషుల పేస్టు పెడ్తరా అమ్మా? మనమైతే ఉమ్మేస్తం, అది మింగుతది. దాంట్ల ఉండే కొన్ని మందులు కుక్కలకు విషమే." తర్వాత నోరు తెరిచి చాలాసేపు చూశాడు.

"ముసల్దంట గదా సారూ," అన్నాను.

"ఎవరన్నరు? దీనికి అయిదారేండ్ల కన్న ఎక్కువుండయి. ఇది ముసలితనం కాదు, గార. ఎన్నడూ పళ్ళు సాఫ్ చెయ్యకుంటే పడుసు కుక్కకైనా గిట్లనే అయితది. ఇంత గట్టిపడ్డంక ఇంట్ల పోదు. మత్తిచ్చి మేమే తీస్తం. నువ్వు కత్తెరతోటి, సూదితోటి గీకకు, పళ్ళ మీద పాలిష్ పోతది. తీసినంక మల్ల పట్టకుండ చూసుడే నీ పని."

ఎడ్ల పళ్ళు చదివే మా అన్న కుక్క పళ్ళు తప్పు చదివాడు! ఎద్దుకు చెప్పే లెక్క కుక్కకు చెప్పి, నిక్షేపంలా ఉన్న దాన్ని రోడ్డుపాలు చేయబోయాడు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కుక్క బతికినందుకు కొంత, అన్న ఓడినందుకు ఎక్కువ.

గార తీయించాక ఇంట్లో నా యుద్ధం మొదలైంది. మొదట్లో అది పెదవి ముట్టుకోనిస్తేనా! తల తిప్పేది, మిషను కింద దూరేది. నేను అరిస్తే ఇంకా దూరేది. డాక్టరు చెప్పినట్టు కొన్నాళ్ళు పెదవి ఎత్తి వదిలేయడమే చేశాను. తర్వాత జాకెట్ లైనింగు మెత్తటి పేలిక వేలికి చుట్టి, ఉప్పు వేయని కోడి ఉడికించిన నీళ్ళలో ముంచి, పళ్ళ మీద రుద్దాను. అది నా వేలు నాకింది. ఆ తర్వాత చిన్నపిల్లల మెత్తటి బ్రష్షు, కుక్కల కోసం అమ్మే కోడికూర వాసన పేస్టు. బ్రష్షు ఏటవాలుగా పట్టుకుని, చిగురూ పన్నూ కలిసే చోట మెల్లగా గుండ్రంగా తిప్పాలి. గార ఎక్కువ పట్టేది పై దవడ వెనక పళ్ళకు, అదీ బుగ్గ దిక్కు. లోపలి దిక్కు దాని నాలుకే కొంత చూసుకుంటుంది. రోజూ చేయాలి. ఒకరోజు బద్ధకిస్తే మెత్తటి పాచి ఉండిపోతుంది, వదిలేస్తే అదే రాయి అవుతుంది.

మా ఆయనకు ఇదంతా వేళాకోళం. "నా పళ్ళు ఊడిననాడు ఒక్కసారన్న నోరు తెరువుమన్నవా?" అనేవాడు. పక్కింటావిడ గోడ మీద నుంచి చూసి, "కుక్కకు బ్రష్షా? కలికాలం!" అని నవ్వేది. "మీ ఇంట్ల మనుషులు గూడ తోముకుంటే మంచిదే," అన్నాను. ఆమె చాలాకాలం నాతో మాట్లాడలేదు. నాకేం నష్టం లేదు.

కుక్క మాత్రం అలవాటు పడింది. నేను పీట వేసుకుని కూర్చుని బ్రష్షు డబ్బా మూత తీస్తే చాలు, ఎక్కడున్నా వచ్చేది. వీపు గోడకు ఆనించి కూర్చుని, గదమ నా మోకాలి మీద పెట్టి, కళ్ళు మూసుకునేది. నేను పెదవి ఎత్తక ముందే తానే నోరు కొంచెం వదులు చేసేది. నా జీవితంలో నన్ను అంతగా నమ్మిన ప్రాణి ఇంకోటి లేదు. ఈ మాట మా ఆయన విన్నా సరే.

అట్లా ఏడాది దాటింది. కుక్క పళ్ళు మల్లెమొగ్గల్లా ఉన్నాయి. నేను చూసి మురిసిపోయాను, బుద్ధిలేనిదాన్ని.

ఒకరోజు మా అన్న ట్రాక్టరు సామాను కొనడానికి ట్రాలీ ఆటోలో నిజామాబాద్ వచ్చి, మా ఇంటికి చాయ్ తాగడానికి వచ్చాడు. కుక్క ఆయన్ని చూసి పిచ్చిగా ఎగిరింది. ఆయన గ్లాసు కింద పెట్టి దాని మూతి పట్టుకుని పెదవి లాగాడు. నేను గర్వంగా పక్కనే నిలబడ్డాను. చూడు, బాగా చూడు, నీ కళ్ళు పేలిపోవాలి అనుకున్నాను. ఆయన ఇటూ అటూ తిప్పి చూశాడు.

"ఓర్నీ! గిది పడుసుదే! నాలుగు పళ్ళ కోడె లెక్కున్నది." గ్లాసు తీసి మిగిలిన చాయ్ గటగటా తాగాడు. "చెరుకుల పందులు పడుతున్నయి. తోలుకపోత."

మొదట నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఇందల్వాయి రోడ్డు మీద ఇడుస్తనంటివి గద!"

"ఇడిసిన్నా? ఇడువలే గదా. కుక్క నాది. నా చేన్ల పుట్టింది."

"పళ్ళు నేను తోమితే నీదెట్లయితది?"

"ఎద్దును నువ్వు కడిగినవని ఎద్దు నీదైతదా?" అన్నాడు, ఎంతో న్యాయంగా. "ఏడువకే, ముసల్దయినంక మల్ల నీకే తెచ్చిస్త. గప్పుడు నేనేం జేసుకుంట?"

నేను మా ఆయన దిక్కు చూశాను. ఆయన గోడ దిక్కు చూస్తూ, "బావ కుక్కే గదనే," అన్నాడు. ఆ పూట ఆయనకు అన్నం పెట్టలేదు. అందరికన్నా ఎక్కువ కోపం కుక్క మీద వచ్చింది. మా అన్న ఈల వేయగానే ట్రాలీలోకి ఒక్క దూకు దూకి, నా దిక్కు చూసి తోక ఊపింది. విశ్వాసానికి కుక్క అంటారు. ఎవరి మీద విశ్వాసమో ఎవరూ చెప్పరు. తలుపేసుకుని ఏడ్చాను.

మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను. కానీ ఏం లాభం? పళ్ళు అక్కడికి పోయాయి. ఆదివారం చర్చి కాగానే బస్సెక్కి, చేతిసంచీలో బ్రష్షు డబ్బా పెట్టుకుని పోయేదాన్ని. అన్నతో మాటల్లేవు. నేరుగా చేను గట్టుకు పోవడం, పళ్ళు తోమడం, వచ్చేయడం. పోయేటప్పుడు డబ్బా వదినకు చూపించి, మిగతా రోజులు మీరన్నా తోమండి అంటే, ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మా అన్నైతే, "చెరుకు ముక్క ఏస్తున్న గద. నమిలితే పళ్ళు గవ్వే సాఫ్ అయితయి," అన్నాడు. ఆ చెరుకు పీచు దాని పళ్ళ సందుల్లో ఇరుక్కుంటే లాగి పారేసిందీ నేనే. వారానికి ఒక్కసారి తోమితే ఏమాగుతుంది?

నా బాధ చూసి మా ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. "నువ్వొక పిచ్చిదానివి. తోముడు బంద్ పెట్టు. గార పడ్తది. మీ అన్న మూతి పట్టుకోని సూస్తడు, ముసల్దయిందంటడు, నీకు తెచ్చిస్తడు. గంతేనాయె!"

ఇంత తేలికైన సంగతి నాకు తట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. తోమడం మానేశాను. ఆదివారం పోయేదాన్ని, దూరంగా గట్టు మీద కూర్చుని వచ్చేదాన్ని. కుక్క దగ్గరికి వస్తే తల నిమిరి తోలేసేదాన్ని. కొన్ని వారాలకు పళ్ళ మొదట్లో పసుపుగీత కనిపించింది. తర్వాత చిగుళ్ళు ఎర్రబడ్డాయి. ఊపిరిలో పాత కంపు మెల్లగా తిరిగొచ్చింది. నేను ఆ కంపును పీల్చి సంతోషపడ్డాను. ఎంత పాడు మనసో చూడండి.

మొన్న ఒక ఆదివారం పోయేసరికి మా అన్న ఇంటి ముందర మంచం మీద కూర్చుని కుక్క మూతి పట్టుకుని ఉన్నాడు. పెదవి లాగి, నొసలు చిట్లించి చూస్తున్నాడు.

"గిదేందే చెల్లె, పసుపు పడ్తున్నది? మల్ల దిగజారుతున్నదా ఏంది?"

ఇంకో నెల రోజులు నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ట్రాలీ ఆటో పిలుచుకోవచ్చు. "నాకేం తెలుసు? నువ్వే గద పళ్ళు సూసేటోనివి," అంటూ గోడ పక్కన పీట మీద కూర్చున్నాను.

ఆయన వదలగానే కుక్క నా దగ్గరికి వచ్చింది. నేను చెయ్యి ఊపి తోలాను. పోలేదు. వదిన తాగమని పెట్టిన నీళ్ళ చెంబు దాటుకుని వచ్చి, వీపు గోడకు ఆనించి కూర్చుంది. గదమ నా మోకాలి మీద పెట్టింది. కళ్ళు మూసుకుంది. నోరు కొంచెం వదులు చేసింది. కింది చిగురు నుంచి సన్నగా రక్తం కారి నా చీరకు అంటుకుంది.

తోమడం మానేశానే గానీ, బ్రష్షు డబ్బా ఏ ఒక్క ఆదివారం ఇంట్లో వదలలేదు. సంచీలో చెయ్యి పెట్టాను. మూత తీసిన చప్పుడుకు దాని తోక నేల మీద టపటపా కొట్టుకుంది.

"ఆఁ, మంచిగ తోమే చెల్లె!" అన్నాడు మా అన్న, మంచం మీద కాళ్ళు చాపుకుంటూ. "ఇంకా నాలుగేండ్లు కాపలుండాలె."

ఆయన దిక్కు కూడా చూడలేదు నేను. చూస్తే ఆ బ్రష్షు ఎక్కడ పొడిచేదాన్నో నాకే తెలియదు. రక్తం వచ్చే చోట మెల్లగా, వెనక పళ్ళ దగ్గర ఎక్కువసేపు తోమాను. దాని పళ్ళు తెల్లగా ఉన్నన్నాళ్ళూ అది మా అన్నదే. పేస్టు అడుగంటింది. మళ్ళీ ఆదివారానికి కొత్తది కొనుక్కుపోవాలి.