మేనేజరు కొట్టిన ఎల్లు

మదనపల్లెలో ఆ ప్రైవేటు పాలడెయిరీ హెడ్డాఫీసుకు 2006లో కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వాటి మంచిచెడ్డలన్నీ అక్కడ లెక్కలు రాసే అమరావతి నెత్తిన పడ్డాయి. వివరాలన్నీ ఒకే మిషన్‌లో ఉంటే, అది చెడిపోయిననాడు గతేమిటని బెంగుళూరు ఇంజినీరు నాలుగింటిని కలిపి, పాల వివరాలను ఊరికొక టేబులుగా చేసి వాటికి పంచిపెట్టి వెళ్లాడు. పోతూ పోతూ నాలుగు కమాండ్లు నేర్పబోతే మేనేజరు రాజగోపాల్ "నాకెందుకప్పా అయ్యన్నీ, ఆయమ్మ ఉండాది కదా" అని తప్పుకున్నాడు.

ఒక ఆదివారం అమరావతి కుప్పంలో అక్క కూతురి చెవులు కుట్టించే వేడుకలో ఉండగా సెల్లు మోగింది. అవతల రాజగోపాల్.

"అమ్మా, కుప్పం టేబులు కనపడలేదంట. ఆ ఊరోళ్లు పోసిన పాల వివరాలన్నీ పోయినట్టుండాయి. బిన్నే రా, ఉన్నపళంగా!"

విస్తరి ముందునుంచి లేచి బస్సెక్కింది. పుంగనూరు స్టాండులో ఆ బస్సు చెడిపోయి కూలబడింది. అప్పటికి సెల్లులో చార్జింగూ అయిపోయింది. పళ్లు నూరుకుంటూ అక్కడున్న హనీఫ్ ఎస్టీడీ బూత్‌లో దూరి ఆఫీసుకు ఫోన్ చేసింది.

"సార్, నేను సెప్పింది సెప్పినట్టు కొట్టండి. మిషన్లలో ఏమేం టేబుళ్లుండాయో అన్నీ స్క్రీను మీదికొస్తాయి. ఎన్, డీ, బీ, కింద గీత..."

"కింద గీత యాడుండాది?"

"సున్నా పక్కన. షిఫ్ట్ నొక్కిపట్టుకోని కొట్టాల."

"నడిమిద్ద గీత పడిందే?"

"షిఫ్ట్ నొక్కలేదు మీరు!"

"యాలమ్మా అట్ల అరుస్తావు, లైను బాగనే ఉండాది కదా" అన్నాడు హనీఫ్. ఆమె వినిపించుకోలేదు. షో, మళ్లీ కింద గీత, టేబుల్స్ అని ఒక్కో అక్షరం చెప్పుకొచ్చింది. మూడుసార్లు తప్పుకొట్టాక అవతల ఒక కేక వినబడింది.

"అమ్మా, ఇది ఆగదే! ఉరుకుతానే ఉండాది!"

"ఏం కొట్టినారు సార్?"

"నువ్వు సెప్పిందే. చివర్న ఒక గీత, ఎల్లు, వెయ్యి నేనేసినా. ఎల్ అంటే లిస్టు కదా, వెయ్యి పేర్లదాకా సూపిస్తాదని."

"మిమ్మల్నెవరు ఏయమన్నారు? అది లిస్టు కాదు సార్, లూపు! ఉండే లిస్టునే వెయ్యిసార్లు సూపిస్తాది! కంట్రోలు పట్టుకోని సీ కొట్టండి."

అవతల మీటలు టకటకమన్నాయి.

"ఆగింది."

"కుప్పం పేరుండాదా అందులో?"

"ఉండాదా ఏంది, యాడ సూసినా అదే!"

అమరావతి ఊపిరి పీల్చుకుంది. వివరాలు భద్రంగానే ఉన్నాయి. ఆఫీసు సాఫ్ట్‌వేరుకే అవి అందడం లేదు. దాన్ని ఆపించి మళ్లీ మొదలుపెట్టించింది. కుప్పం టేబులు తెరుచుకుంది.

"పుంగనూరుదాకా వచ్చినావు కదా, ఈడికొచ్చి ఒకపారి సూసిపోరాదా?"

"రాను సార్" అని ఫోన్ పెట్టేసింది.

అంతటితో వదిలిపోలేదు. రాజగోపాల్‌కు ఆ కమాండు రుచి తగిలింది. రోజూ పొద్దున్నే లిస్టు తీసి, టేబుళ్ల పేర్ల ముందుండే నంబర్లు చూసి, అమరావతి బ్యాగు బల్లమీద పెట్టకముందే పిలిచేవాడు.

"పదకొండు తర్వాత పదమూడుండాది. పన్నెండును ఎవరు తీసేసినారు?"

నంబర్లు వరుసగా ఉండాలని లేదని ఎన్నిసార్లు చెప్పినా తలూపేవాడు, మర్నాడు మళ్లీ అడిగేవాడు. సెలవునాడు ఫోన్ చేసి మరీ అడిగేవాడు. రెండేళ్లు ఓర్చుకుని ఆమె ఆ కొలువు మానేసి, వి.కోటలో ఒక స్కూల్లో చేరింది. చేరిన రోజే సెల్లు నంబరు మార్చేసుకుంది.