పదమూడో గాజు

మా నాయన గాజుల మలారం భుజానేసుకుని చిట్టమూరు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగినోడు. శ్మశానాలు, పాడుబడిన బావులు ఎన్నో దాటినాడు. "ఏమన్నా కనపడిందా నాయనా?" అని చిన్నప్పుడు అడిగితే, "కుక్కలు కనపడినాయిరా, వాటికే భయపడాల" అనేవాడు. నేనూ ఆయన కొడుకునే. దర్గా దగ్గర ఊదు పొగ పట్టించుకుని ఊగిపోయేవాళ్ళను చూసి నవ్వినోణ్ణి. తాయెత్తు కట్టుకోమని నా భార్య పోరు పెడితే దాన్ని తీసుకుపోయి షాపు తాళాలకు కట్టినాను. కాబట్టి ఇది చదివి, వీడికి ముందు నుంచే ఈ పిచ్చి ఉందిలే అనుకోబాకండి. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

మాది నాయుడుపేట. తాతల కాలం నుంచి గాజుల బేరం. ఇప్పుడు బజారులో చిన్న షాపు. నేను ముందర కూర్చుని తొడుగుతాను. వెనక గదిలో మా అక్క మస్తానమ్మ ఉండేది, నాకంటే ఆరేళ్ళు పెద్దది. వచ్చిన సరుకు విప్పి, సైజులు వేరుచేసి, గాజుకు గాజు తట్టి శబ్దం వినేది. కంటికి కనపడని చీలిక ఉంటే మోత మారిపోతుంది. అక్క చెవిని దాటుకుని చీలిన గాజు ఒక్కటి కూడా షాపు ముందుకు వచ్చింది లేదు.

అన్ని గాజుల మధ్య బతికిన మనిషి చేతులు మాత్రం బోడి. మా బావ లారీ డ్రైవరు. కొడవలూరు దగ్గర హైవే మీద యాక్సిడెంటులో పోయినాడు. అక్కకు అప్పటికి ఇరవై నాలుగు, పిల్లల్లేరు. మా అమ్మ ఆ రోజు తీసేసిన గాజులు మళ్ళీ అక్క చేతికి ఎక్కలేదు. మా ముస్లిముల్లో జన్మంతా వేసుకోకూడదని ఏమీ లేదు, ఎవరూ వద్దనీ అనలేదు. కానీ చిన్న ఊరు. వచ్చే ఆడోళ్ళందరూ తెలిసినోళ్ళే. పెళ్ళికూతురు మెట్టెక్కుతుంటే చాలు, అక్క తనంతట తానే వెనక గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకునేది. ఉండు అక్కా అని నేను ఒక్కసారి కూడా అనలేదు. బేరం చెడుతుందని. ఆ మాట రాయాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఇంకో సంగతి చెప్పాల. డజను గాజులకు ఒకటి కొసరు ఇవ్వడం మా ఇంటి అలవాటు. పదమూడోది. చిన్నప్పుడు నాయన అక్కకు డజను తొడిగినప్పుడల్లా ఆ కొసరు గాజు నాది. దాన్ని చక్రం మాదిరి దొర్లించుకుంటా వీధంతా పరిగెత్తేవాణ్ణి. ఒకసారి అది కల్వర్టు మీద నుంచి కాలవలోకి పడింది. నేను దొర్లి దొర్లి ఏడ్చినాను. అక్క దానికోసం దిగబోయి జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించినారు. ఎముక అతుక్కుంది గానీ గుబ్బ మాదిరి లేచి నిలిచిపోయింది. అప్పటి నుంచి అక్క కుడి చేతికి రెండు నాలుగు సైజు, ఎడమ చేతికి రెండు ఎనిమిది. అవి ఆరు, ఇవి ఆరు. నా ముప్పై ఏళ్ళ బేరంలో అట్లాంటి కొలత ఇంకో మనిషికి అమ్మలేదు.

కరోనా మొదటి లాక్‌డౌన్‌లో షాపు మూత పడింది. పోలీసుల విజిల్ తప్ప బజారులో ఇంకో చప్పుడు లేదు. అక్క పగలంతా నా ఫోన్ పట్టుకుని కూర్చునేది. 'ప్రయాణాలు మళ్ళీ మొదలయ్యాక తప్పక చూడాల్సిన నగరాలు' అని ఏదో వీడియో. పారిస్ అంట, ఇస్తాంబుల్ అంట. చూసి చూసి నవ్వింది. "వాళ్ళ ఊళ్ళు వాళ్ళవి, మన ఊళ్ళు మనం చూసుకుందాంరా బాషా" అనింది.

ఒక గాజుల బాక్సు మూత తీసుకుని లోపలి వైపు బాల్‌పెన్నుతో మూడు పేర్లు రాసింది. హైదరాబాదు, జైపూరు, ఫిరోజాబాదు. హైదరాబాదులో చార్మినార్ పక్కన లాడ్ బజారు, వీధంతా గాజులే. జైపూరులో లక్క గాజులు మన కళ్ళ ముందే చేసిస్తారు. ఇక ఫిరోజాబాదు సరే సరి, మా షాపుకొచ్చే ప్రతి బాక్సు మీదా ఆ ఊరి పేరే ఉంటుంది. పాతికేళ్ళుగా ఆ పేరు మీద చెయ్యి ఆనించి బాక్సులు విప్పిన మనిషి.

"ఒక్కో ఊళ్ళో ఒక్కో డజను తొడుక్కుంటా. అక్కడ నేనెవరో ఎవురికి తెలుసు? మన ఊరికి వచ్చేముందు తీసి సంచిలో వేసుకుంటా. నువ్వు తోడు రావాల్సిందే, కొసరు నీదే" అనింది. నలభై తొమ్మిదేళ్ళ మనిషి, మొహం చిన్నపిల్ల మొహం. వస్తానని ఒట్టు వేసినాను.

రైళ్ళు మొదలైనాయి. అక్క కొత్త చెప్పులు కొనుక్కుని మంచం కింద పెట్టుకుంది. కానీ వాయిదా పడిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారిగా మీద పడినాయి. ఊపిరి సలపని బేరం. "ఈ ముహూర్తాలు పోనీ అక్కా" అన్నాను. ఆమె సరేలే అనింది. ఇంకో నెల పోయినాక మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే మాట చెప్పినాను. మూడోసారి అడగలేదు, చెప్పులు తీసి తుడిచి మళ్ళీ మంచం కింద పెట్టింది. నేను చూసినాను. చూసి ఊరుకున్నాను.

అంతలోనే రెండో వేవ్ వచ్చింది. నెల్లూరులో ఒక ఆసుపత్రిలో చేర్చినాం. లోపలికి రానివ్వలేదు. నాలుగో రోజు ఫోన్లో మాట్లాడింది. "బాక్సు మూత పారేయబాక బాషా" అనింది. "పారేయనక్కా, నువ్వు ఇంటికి రా, ఈసారి ముహూర్తాలు లేవు, ఏమీ లేవు, పోదాం" అన్నాను. నవ్వబోయింది, దగ్గు వచ్చింది, లైన్ కట్ అయింది. ఆ తర్వాత ప్లాస్టిక్‌లో చుట్టి తెచ్చి మట్టి చేసినారు. మొహం చూపించలేదు. చేతులు కూడా చూడలేదు.

రెండేళ్ళు ఆ మూత వైపు చూడలేకపోయినాను. ఒకరోజు మంచం జరుపుతుంటే ఆ చెప్పులు కనపడినాయి, మడమ కూడా మాయలేదు. అక్కడే కూలబడి ఏడ్చినాను. అక్క పేరు మీద ఒక్కో ఊళ్ళో ఒక డజను కొని, తెచ్చి ఆమె గోరీ దగ్గర పెడదామనుకున్నాను. సరుకు చూసొస్తానని భార్యకు చెప్పి హైదరాబాదు రైలెక్కినాను.

లాడ్ బజారులో పట్టపగలు, పన్నెండు గంటల ఎండ. నీడ కోసం ఒక చిన్న షాపు ఎక్కినాను. ముందే ఎంచుకుని పోలేదు. ముసలాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పచ్చ మట్టి గాజులు, రెండు నాలుగు ఆరు, రెండు ఎనిమిది ఆరు ఇమ్మన్నాను. అక్క గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు, అల్లా సాక్షి.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నువ్వేనా బాషా?" అన్నాడు.

ముందురోజు ఒకామె వచ్చిందంట. నల్ల బురఖా, యాభై లోపు వయసు. ఎడమ మణికట్టు మీద ఎముక గుబ్బ. గాజు ఎక్కించడానికి చెయ్యి పిసుకుతుంటే అక్కడ మెల్లిగా అనిందంట. ఇవే సైజులు, ఇదే రంగు. తొడిగించుకుని సాయంత్రం అస్ర్ నమాజు దాకా స్టూలు మీద కూర్చుని దారి చూసిందంట. తర్వాత పన్నెండూ తీసి సంచిలో వేసుకుందంట. కొత్త గాజులు అట్లా తీసేసేవాళ్ళను తన జన్మలో చూడలేదన్నాడు. 'ఊరికి పోవాల, వీటితో పోలేను' అనిందంట. ఒక పొట్లం నా చేతిలో పెట్టినాడు. విప్పితే ఒకే ఒక్క గాజు. పెద్ద సైజు.

"కొసరు తమ్ముడిది, వస్తాడు, ఇవ్వమనింది" అన్నాడు.

కొసరు గాజు నాదనే సంగతి నాకూ అక్కకూ తప్ప ఎవరికీ తెలియదు. నా భార్యకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. అమ్మా నాయనా ఎప్పుడో పోయినారు.

ఎవరో నాటకం ఆడుతున్నారని కోపం వచ్చింది ముందు. ఆ ముసలాయన మీద అరిచినాను కూడా. ఆయన నీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చినాడు.

ఇంటికి రాలేదు. అట్నుంచి అటే జైపూరు పోయినాను. అక్కడ గాజుల వీధిలో బొగ్గుల కుంపటి ముందు ఒకామె లక్క గాజులు చేస్తాంది. వచ్చీరాని హిందీలో అక్క కొలత చెప్పినాను. ఆమె చేతిలో పని ఆపేసింది. అట్లాంటి డజను ఆ పొద్దునే చేసిందంట. చేయించుకున్నామె ఇంతసేపూ అదిగో ఆ పీట మీదే కూర్చుని, వేసుకున్నవి తీసి సంచిలో వేసుకుని, ఇప్పుడే లేచి వెళ్ళిందంట. తమ్ముడికని ఒకటి ఉంచిందంట. చేతిలోకి తీసుకున్నాను. లక్క ఇంకా గోరువెచ్చగానే ఉంది.

నేను ఆ వీధిలో పిచ్చోడి మాదిరి పరిగెత్తినాను. కనపడిన ప్రతి బురఖా వెనకా పోయి మొహంలోకి చూసినాను. ఒకాయన నా కాలరు పట్టుకున్నాడు. అక్కా, అక్కా అని తెలుగులో అరుస్తుంటే పాపం వదిలేసినాడు. ఎక్కడా లేదు.

హైదరాబాదులో ఒక రోజు ఆలస్యం. జైపూరులో కొన్ని నిమిషాలే. ఫిరోజాబాదులో దొరుకుతుంది, ఇంకేం కావాల అనుకున్నాను. చచ్చిపోయిన మనిషిని వెతుక్కుంటా పోతున్నానని తెలుసు. తెలిసే పోయినాను.

ఫిరోజాబాదులో మాకు సరుకు పంపే ఏజెంటు షాపుకే నేరుగా పోయినాను. ఎన్నో ఏళ్ళుగా ఫోన్లో మాట్లాడుకోవడమే తప్ప మొహాలు చూసుకున్నది అదే మొదలు. మా అక్క మణికట్టు గుబ్బ సంగతి చెప్పినాను. అట్లాంటి ఆమె ఎవరూ రాలేదన్నాడు. అంటే ఈసారి నేనే ముందొచ్చినాను. సంతోషం పట్టలేకపోయినాను. ఆయన షాపు ముందర బెంచీ మీద కూర్చున్నాను. పొద్దున తెరిచినప్పటి నుంచి మూసేదాకా. టీ తాగడానికి పోయినా కళ్ళు ఆ గుమ్మం మీదే.

మూడు రోజులు. అక్క రాలేదు.

నాలుగో రోజు పొద్దున నా భార్య ఫోన్ చేసింది. చిట్టమూరులో పెద్దింటి పెళ్ళి. ఇంట్లో ఆడోళ్ళందరికీ వాళ్ళింటికే పోయి గాజులు తొడగాల. నాయన కాలం నుంచి మా ఇంటి ఖాతాదారులు. "మీరు రాకపోతే ఇంకొకరిని పిలుచుకుంటారంట. సరుకు చూసింది చాల్లే, రండి" అనింది. నేను బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఆలోచించినాను. ఇక రాదులే అనుకున్నాను. అంతా నా భ్రమ అనుకున్నాను. ఏజెంటుకు నా నంబరు మళ్ళీ రాసిచ్చి, ఒకవేళ వస్తే ఫోన్ చెయ్యమని చెప్పి మధ్యాహ్నం రైలెక్కినాను.

రైలు ఝాన్సీ దాటినాక ఫోన్ మోగింది.

ఏజెంటు గొంతు అదోరకంగా ఉంది. మీ అక్క వచ్చింది భాయ్ అన్నాడు. నువ్వు ఆటో ఎక్కిన అరగంటకే వచ్చిందన్నాడు. పచ్చవి పన్నెండు తొడిగించుకుని, నేను కూర్చున్న బెంచీ మీదే కూర్చుందంట. ఆయన నా నంబరు కలపబోతే వద్దనిందంట. తమ్ముడు ఎందుకు పోయినాడని అడిగితే, ఊళ్ళో పెళ్ళి బేరం వచ్చిందంట అని చెప్పినాడంట.

"ఏమనింది?" అన్నాను.

"ముహూర్తాలు కదా, అనింది. అంతే" అన్నాడు.

"గాజులు తీసి సంచిలో వేసుకుందా?"

"లేదు భాయ్. చేతులకు ఉండగానే వెళ్ళింది."

కొసరు ఏమైందని నేను అడగకముందే ఆయనే చెప్పినాడు. పదమూడోది కూడా ఎడమ చేతికే వేసుకుందంట.

చిట్టమూరు పెళ్ళికి పోయినాను. ఇంట్లో ఆడోళ్ళందరికీ గాజులు తొడిగినాను. అందరూ బాగున్నాయన్నారు.

దీన్ని ఎట్లా అర్థం చేసుకోవాలో నాకు ఈరోజుకీ తెలియదు. అట్లాంటి చెయ్యి దేశంలో ఇంకొకరికి ఉండొచ్చు, కాదనను. ముగ్గురు బేరగాళ్ళు, ఒకరికొకరు తెలియనోళ్ళు, నాకు ఒకే అబద్ధం ఎందుకు చెప్తారో మాత్రం అంతుపట్టదు. మా ఇమామ్ గారిని అడిగితే, పోయినోళ్ళు తిరగరు, దువా చెయ్యి అన్నాడు. నేనూ అదే నమ్మినోణ్ణి. నమ్మకం పోలేదు, కానీ నిద్ర పోయింది.

ఆ తర్వాత రెండుసార్లు ఫిరోజాబాదు పోయి ఆ బెంచీ మీద వారమేసి రోజులు కూర్చుని వచ్చినాను. పెళ్ళిళ్ళు వదులుకున్నాను, ఖాతాదారులు పోయినారు, పోనీ. ఎవరూ రాలేదు. ఊరికి తిరిగొచ్చే మనిషైతే గాజులు తీసేది.

అక్క రాసిన మూతతోనే ఆ బాక్సు మూసి పెట్టినాను. దాంట్లో రెండు గాజులున్నాయి. హైదరాబాదుది ఒకటి, జైపూరుది ఒకటి. మూడోది నాకు ఉంచలేదు.