మరమగ్గం శాలువా

సభలు జరపడం నా వృత్తి కాదు. ముప్పయ్యేళ్లు బళ్లో క్రాఫ్ట్ టీచరుగా పనిచేశాను. కుట్లు, అల్లికలు, రాట్నం మీద నూలు తీయడం నేర్పాను. రిటైరయ్యాక కాస్త ఊపిరి పీల్చుకుందామనుకుంటున్న రోజుల్లో మా ప్రాంతపు హస్తకళాకారుల సంఘం వాళ్లు ఇంటికొచ్చారు. "మీరు చదువుకున్నవారు, నలుగురితో మాట్లాడగలరు" అని పొగిడి, మహాసభల కార్యదర్శి పదవి నా నెత్తిన పెట్టి వెళ్లారు. అప్పటినుంచి ఏటా గుంటూరులో జరిగే రెండు రోజుల సభ నా బాధ్యతే. ఇన్నేళ్లలో ఆ పదవి నాకు కావాలని అడిగినవారు ఒక్కరూ లేరు. దాన్నిబట్టే అది ఎలాంటి పదవో తెలుసుకోవచ్చు.

మా సంఘంలో రాతి శిల్పులున్నారు. వినుకొండ వైపు నుంచి తోలుబొమ్మలు చేసేవాళ్లు, సింగరాయకొండ నుంచి తాటాకు బుట్టలల్లే ఆడవాళ్లు, చీరాల చుట్టుపక్కల నుంచి నేతగాళ్లు వస్తారు. నెలల తరబడి ఒక్క రాయి ముందు కూర్చోగల మనిషి భోజనాల వరసలో రెండు నిమిషాలు నిలబడలేడు. ఫ్లెక్సీలో ఫలానా ఆయన ఫొటో నా ఫొటో కన్నా ఎందుకు పెద్దదిగా ఉందని ఒకరు, వేదిక మీదికి నన్ను మూడోవాడిగా ఎందుకు పిలిచారని ఒకరు, జ్యోతి వెలిగించేటప్పుడు కొవ్వొత్తి నా చేతికి ఎందుకివ్వలేదని ఇంకొకరు. ఒక శిల్పిగారైతే తన పేరు ముందు 'శ్రీ' పడలేదని రెండేళ్లు నాతో మాట్లాడలేదు. ఆ రెండేళ్లూ నాకు కొంచెం సుఖంగానే గడిచాయి.

సభ ఎప్పుడూ మిరపకాయల సీజన్‌లోనే పడుతుంది. మిర్చి యార్డుకు పోయే లారీలు రోడ్డంతా నిలిచిపోతాయి. హాలు తలుపులు ఎంత మూసినా ఘాటు లోపలికొస్తుంది. ముఖ్య అతిథి మైకు అందుకుని ముందు తుమ్ముతాడు, తర్వాత సభకు నమస్కారం చెబుతాడు. సభ వేరే నెలకు మార్చండని నేను చెవినిల్లు కట్టుకుని పోరాను. ఆ నెలలోనే హాలు దొరుకుతుందన్నారు. మిగతా నెలల్లో పెళ్లిళ్లట.

ఆ ఏడు సన్మానానికి ఒక నేతగాడిని ఎంపిక చేశాం. చీరాలకు నాలుగు మైళ్ల దూరంలో ఆయన ఊరు. డెబ్బై దాటిన మనిషి, ఇంకా గుంట మగ్గం మీద నేస్తాడు. మగ్గం కింద గొయ్యి ఉంటుంది, అందులో కాళ్లు పెట్టుకుని నేయాలి. ఊళ్లో మిగతావాళ్లంతా ఎప్పుడో మరమగ్గాలకు మారారు. కరెంటుతో నడిచే ఆ మగ్గాల చప్పుడు వీధి మొదట్లోనే వినిపించింది. ఆయన ఇంట్లో మాత్రం దారం మోసే నాడె అటూ ఇటూ పోయే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

నేను ఆహ్వానం ఇవ్వడానికి వెళ్లినప్పుడు మగ్గం మీద ఉన్నది ఆయన కాదు, ఆయన కూతురు. డిగ్రీ చదివిన పిల్ల. ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. ఆ అమ్మాయి నన్ను చూసి లేచి మంచినీళ్లిచ్చి, మళ్లీ వెళ్లి మగ్గం మీద కూర్చుంది. ఆ చేతిలో వేగం లేదు, తొందరా లేదు. అంచు తిన్నగా వస్తోంది. ముప్పయ్యేళ్లు పిల్లలకు నేర్పిన నాకు అలాంటి చెయ్యి మహా అయితే ముగ్గురిలో కనిపించి ఉంటుంది.

తిరిగొచ్చేటప్పుడు పెద్దాయన బస్సు దాకా తోడొచ్చాడు. కొంచెం దూరం నడిచాక అసలు సంగతి చెప్పాడు.

"మా అమ్మాయికి పత్తి మిల్లు ఆఫీసులో ఉద్యోగం వచ్చింది టీచరమ్మా. కంప్యూటర్ ముందు కూర్చునే పని. వచ్చే నెల్లో చేరమన్నారు. అది ఎటూ తేల్చటంలా."

"మీరేమంటున్నారు అన్నయ్యగారూ?"

"నేనేమంటాను. దాని బతుకు దాని ఇష్టం. కాకపోతే నా తర్వాత ఈ ఊళ్లో చేత్తో నేసేది అదొక్కతే. మగ్గం అంటే దానికి ప్రాణం. కానీ బయట దీనికి విలువ లేదని దాని మనసులో పడింది. మీ సభకి దాన్నీ తీసుకొస్తాను. నలుగురూ ఈ పనికి ఇచ్చే మర్యాద కళ్లారా చూస్తే నిలబడుద్దేమోనని ఆశ."

నేను పెద్ద మాటే ఇచ్చాను. "ముందు వరసలో కూర్చోబెడతానండి. చేనేతకు ఎంత గౌరవం ఉందో చూస్తుంది" అన్నాను. నోరు నాది కాబట్టి అంత మాట సులువుగా వచ్చేసింది.

ఆ తర్వాత నెల ఎలా గడిచిందో చెప్పాలంటే నాకిప్పటికీ నీరసమొస్తుంది. హాలువాళ్లు ఎవరిదో పెళ్లి కుదిరిందని తేదీ మార్చారు. అచ్చయిన ఆహ్వానాలన్నీ మూలన పడ్డాయి. కొత్త తేదీకి ముఖ్య అతిథి ఖాళీ లేడు. దొరికిన అతిథికి తోలుబొమ్మలకూ కొయ్యబొమ్మలకూ తేడా తెలియదు. వాట్సాప్ గ్రూపులో రోజుకు రెండు వందల మెసేజీలు, వాటిలో సగం శుభోదయాలు. బుట్టలల్లే ఆడవాళ్లకు బస ఎక్కడని ఒకరు, మా స్టాలు బాత్రూం పక్కన పెట్టొద్దని ఒకరు. ఆ నెలంతా నా ఫోను వేడెక్కి ఉండేది. నేను చల్లారిపోయి ఉండేదాన్ని.

సన్మానానికి చేనేత శాలువా ఒకటి ముందే చెప్పి నేయించాలని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రాసుకున్న సంగతి సభకు ఇంకా రెండు రోజులుందనగా గుర్తొచ్చింది.

ప్రతి ఏడూ సన్మానం సామాను కొనే కొట్టుకే వెళ్లాను. దండలు, జ్ఞాపికలు, శాలువాలు అన్నీ అక్కడే దొరుకుతాయి. కొట్టతను నన్ను చూడగానే మెరిసే జరీ అంచు శాలువాల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. "మామూలువేగా మేడమ్?" అన్నాడు.

పైదాని కొస బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకున్నాను. అలవాటు. జారిపోయే పాలియెస్టర్, మరమగ్గం నేత. అది తెలియడానికి నాకు కళ్లద్దాలు కూడా అక్కర్లేదు. అయినా కట్ట వెనక్కి తొయ్యలేదు. చీరాల వెళ్లాలంటే ఒక పూట పోతుంది. సంఘం అధ్యక్షుల వారికి ఫోన్ చేస్తే ఆయనేమంటారో తెలుసు. "నేత ఉత్తరీయాలు ఫొటోలో కనపడవు టీచర్ గారూ, జరీ మెరవాలి" అని అంతకుముందే ఒకసారి అన్నారు. నా మోకాళ్లు పీకుతున్నాయి. ఎవరు చూస్తార్లే అనుకున్నాను.

"ఊఁ, కట్టండి" అన్నాను.

సభ రోజు తండ్రీకూతుళ్లిద్దరూ మొదటి బస్సుకే వచ్చారు. ఆయన తాను నేసిన పంచె కట్టుకున్నాడు. ఆ అమ్మాయి ముదురాకుపచ్చ నేత చీరలో వచ్చింది. అదీ వాళ్ల మగ్గం మీదిదే అని చూస్తేనే తెలుస్తోంది. ముందు వరసలో కూర్చోబెట్టాను. ఆ పిల్ల హాలంతా కలయజూసింది. స్టాళ్లు తిరిగింది. శిల్పిగారి దగ్గర నిలబడి ఉలి ఎలా పడుతుందో అడిగింది. ఆయన, నాతో రెండేళ్లు మాట్లాడని ఆయనే, ఆ అమ్మాయికి అరగంట సేపు విడమరిచి చెప్పాడు. దూరం నుంచి చూసి నేను సంతోషించాను. పని జరుగుతోందనుకున్నాను.

మధ్యాహ్నం సన్మానం. వేదిక వెనక ఫ్లెక్సీ మీద 'చేతివృత్తిని కాపాడుకుందాం' అని ఉంది. అధ్యక్షులు మైకు పట్టుకుని మరమగ్గాలు చేనేత నోట్లో మట్టికొడుతున్నాయని, మనలో ప్రతి ఒక్కరూ చేనేతే కొనాలని, చేనేతే కట్టాలని గట్టిగా చెప్పారు. చప్పట్లు మోగాయి. ఆ అమ్మాయి కూడా కొట్టింది. పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, శాలువా కప్పారు.

శాలువా భుజం మీద పడగానే ఆయన చెయ్యి దాని కొస మీదికి వెళ్లింది. బొటనవేలు, చూపుడువేలు. క్షణం సేపు ఆయన ముఖంలో నవ్వు అలాగే ఆగిపోయింది. తర్వాత రెండు చేతులూ జోడించి సభకు దండం పెట్టాడు. ఫొటోగ్రాఫరు ఇటు చూడండి అంటే ఇటు, అటు చూడండి అంటే అటు చూశాడు. నేను మెట్ల పక్కన నిలబడి ఉన్నాను.

కిందికి దిగాక కూతురు ఆయన భుజం మీది శాలువా తీసి మడత పెట్టబోయింది. ఒక మడత వేసి ఆగింది. అంచు దగ్గరికి తెచ్చుకుని చూసింది. తిరగేసి చూసింది. నేను పక్కనే ఉన్నానని అప్పుడు గమనించింది.

"ఇది మరమగ్గంది టీచర్ గారూ" అంది, నాకు మాత్రమే వినబడేలా.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి సర్దిచెప్పేదాన్ని. కొట్టువాడు మోసం చేశాడన్న మాట నోటిదాకా వచ్చింది. అంతలో వంటవాళ్లు వచ్చి పెరుగు చాల్లేదన్నారు. అటు వెళ్లాను. మళ్లీ ఇటొచ్చేసరికి వాళ్లు బస్సుకు వెళ్లిపోయారు. శాలువా చక్కగా మడిచి, సన్మానంలో ఇచ్చిన పళ్ల బుట్టతో సహా, ఆ అమ్మాయి కూర్చున్న కుర్చీలో పెట్టి ఉంది.

రెండు నెలల వరకు వాళ్ల ఊరు వెళ్లడానికి నాకు ముఖం చెల్లలేదు. చివరికి ఒక ఆదివారం బయల్దేరాను. పెద్దాయన అరుగు మీద కూర్చుని కండెలకు నూలు చుడుతున్నాడు. లోపల మగ్గం చప్పుడు లేదు.

"రండి టీచరమ్మా" అని చాప వేశాడు. "అమ్మాయి ఉద్యోగంలో చేరింది. ఇప్పుడే కొట్టుకెళ్లింది, వస్తది. ఆదివారాలు ఒక గంట మగ్గం మీద కూర్చుంటది, అంతే."

క్షమాపణ చెప్పడానికి దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ఆయన నాకు ఆ అవసరం లేకుండా చేశాడు.

"మీరేం మనసులో పెట్టుకోబాకండి. మీరు మాత్రం ఏం చేస్తారు, తెలవక కొన్నారు. బస్సులో మా అమ్మాయి ఒకటే మాటంది. క్రాఫ్ట్ టీచరు గారికే తేడా తెలియలేదు నాన్నా, పాపం ఆమెకు చెప్పేవాళ్లు లేరు, బయటివాళ్లకి ఇంకేం తెలుస్తుంది అంది."

ఆ జాలి నేను భరించలేకపోయాను. తిట్టినా బాగుండేది.

"నాకు తెలుసు అన్నయ్యగారూ" అన్నాను. "కొట్లో పట్టుకోగానే తెలిసింది. తెలిసే కొన్నాను. అలిసిపోయి ఉన్నాను, అంతకు మించి కారణం లేదు."

ఆయన చేతిలో కండె ఆగింది. పక్కింటి మరమగ్గాలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి.

"ఈ మాట మా అమ్మాయితో అనబాకండి" అన్నాడు చివరికి. "తెలవనోళ్లకైతే ఏదో ఒకనాటికి చెప్పుకోవచ్చని దానికి ఇంకా కాస్త ఆశుంది. ఆ గంట కూర్చునేది అందుకే. తెలిసినోళ్లే ఇట్టా చేశారంటే అది ఇంక మగ్గం ఎక్కదు."

నేను తలూపాను. అంతలో ఆ అమ్మాయి రానే వచ్చింది. చేతిలో ఉప్పు ప్యాకెట్టు, అగ్గిపెట్టె. నన్ను చూసి నిజంగానే సంతోషపడింది. కాఫీ పెడతానంది, నేను వద్దంటే వినలేదు. కాఫీ తాగాక నన్ను మగ్గం దగ్గరికి తీసుకెళ్లింది. సగం నేసిన చీర అంచు ఎత్తి వెలుతురులోకి పట్టింది.

"టీచర్ గారూ, ఏమీ అనుకోకండి. మళ్లీ ఎప్పుడైనా కొనేటప్పుడు మీకు పనికొస్తుందని చెబుతున్నాను. ఇదిగో, అంచు పొడుగునా సన్న సన్న చిల్లులున్నాయి చూశారా? నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా అడ్డంగా కర్ర పెడతాం. దాని సూదులు గుచ్చుకున్న గుర్తులివి. చేత్తో నేసినదానికి ఇవి ఉంటాయి. వేలితో తడిమి చూడండి."

నా వేలు పట్టుకుని ఆ చిల్లుల మీద తనే నడిపించింది. గుమ్మంలో పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"అవునా అమ్మా" అన్నాను. "నాకు ఇన్నాళ్లూ తెలియనే తెలియదు."